బావి నుంచి పది మీటర్లు

మా ఆయన పోనిమన్ ఎవరింటికి పనికి వెళ్ళినా ముందు బావి ఎక్కడుందని అడుగుతాడు. ఇంటివాళ్ళు కుర్చీ వేస్తారు, తియ్యటి టీ పట్టుకొస్తారు, మరుగుదొడ్డి ఏ మూల కట్టాలనుకుంటున్నారో, దానికి ఏ రంగు పలకలు కొన్నారో చెప్పబోతారు. ఆయనకు అవేవీ అక్కర్లేదు. నేరుగా బావి దగ్గరికి వెళ్ళి, టేపు కొస మీద రాయి పెట్టి, రెండో కొస పట్టుకుని పెరట్లోకి నడుస్తాడు. పది మీటర్ల దగ్గర ఆగి మడమతో నేల మీద గీత గీస్తాడు. దీనికి ఇవతల గొయ్యి తవ్వను అంటాడు. అక్కడ మా గొడ్లపాక ఉంది, అక్కడ మా మామిడి మొక్క ఉంది అని వాళ్ళు ఎంత మొత్తుకున్నా టేపు చుట్టేసుకుని వచ్చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఈ ఒక్క విషయంలోనే మొండి.

మాది ఒపక్ నదికి పడమటి ఒడ్డున ఉన్న పల్లె. దాదాపు ఎవరి బావి వాళ్ళది, ఎవరి గొయ్యి వాళ్ళది. మా మామగారు ఈ చుట్టుపక్కల సగం బావులు తవ్విన మనిషి. కొడుకు మా అయిదు రోజుల సంత వారంలో పోన్ అనే రోజున పుట్టాడని పోనిమన్ అని పేరు పెట్టి, చేతికి గునపం ఇచ్చాడు. మా పెళ్ళి నాటికి ఆయన కూడా బావులే తవ్వేవాడు. తర్వాత బోరు యంత్రాలొచ్చాయి, బావి అడిగేవాళ్ళు తగ్గిపోయారు, మరుగుదొడ్డి గొయ్యి అడిగేవాళ్ళు పెరిగారు. ఈయన అటు మళ్ళాడు. నీళ్ళ కోసం తవ్విన చేతులతో అదేం పని అని మా మామగారు ఏడాదిపాటు కొడుకుతో మాట్లాడలేదు. ఈయనకి ఆ సంగతి తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. అంత మాటకారి మరి.

పని చూస్తే మాత్రం ముచ్చటగా ఉంటుంది. సిమెంటు ఒరను నేల మీద నిలబెట్టి, తను అందులోకి దిగి, ఒర అంచు కింద మట్టిని చుట్టూ సమంగా గీకుతూ పోతాడు. ఒర తన బరువుకి తనే కిందికి దిగుతుంది. మునిగాక దాని మీద ఇంకో ఒర. ఒకవైపు ఎక్కువ గీకితే ఒర వంకర తిరుగుతుంది, ఇక దాన్ని దేవుడు కూడా సరిచేయలేడు. ఈయన దింపిన ఒర ఇన్నేళ్ళలో ఒక్కటీ వంకర పోలేదు. పాత గోతిలోకి దిగాల్సి వస్తే ముందు తాడుకి దీపం కట్టి దింపుతాడు. దీపం ఆరిపోతే ఆ రోజుకి పని లేదు. సాయంత్రం సున్నం నీళ్ళతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు ఒళ్ళు తోముకుంటాడు. అయినా ఊరి విందుల్లో పక్కన కూర్చున్నవాళ్ళు చాప కొంచెం అవతలికి లాక్కుంటారు. "పోనిమన్ వచ్చాడంటే ఎవరి కడుపో నిండిందన్నమాట" అని నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. నాకు ఒళ్ళు మండుతుంది.

నన్ను 'బునే' అని పిలుస్తాడు, పిల్ల తల్లీ అని. నేను ఆయన్ని 'పాక్నే' అంటాను, పిల్ల తండ్రీ అని. మా వైపు మొగుడూ పెళ్ళాలందరూ అలాగే పిలుచుకుంటారు. మా పిల్ల పోయింది, పిలుపు పోలేదు. వేరే పిలుపు మాకు అలవాటు లేదు.

భూకంపం వచ్చినది శనివారం, పొద్దున ఇంకా ఆరు కాలేదు. ఈయన అప్పటికే పక్క ఊరికి పనికి వెళ్ళిపోయాడు. నేను బావి దగ్గర గిన్నెలు తోముతున్నాను. మా పాప, నాలుగేళ్ళ వెనింగ్, లోపల నిద్రపోతోంది. ఇల్లు నిమిషమైనా నిలబడలేదు. గోడ వచ్చి నా కాలి మీద పడింది. బావి గట్టు పట్టుకుని ఇంటివైపు చూస్తూనే ఉన్నాను, లేవలేకపోయాను. మా బంతుల్ జిల్లా ఆస్పత్రుల్లో చోటు లేదని నన్ను లారీలో ఎక్కించి సోలో పట్నానికి పంపారు. మధ్యాహ్నానికల్లా పాపని ఊళ్ళోవాళ్ళు పూడ్చిపెట్టారు. నేను చూడలేదు. ఎలా ఉందో ఎవరో చెప్పబోతే వద్దన్నాను.

పన్ను పీకడానికి సూదిమందు వేస్తే చెంప మన చెంప కానట్టుంటుంది చూడండి, నాకు అప్పటినుంచి ఒళ్ళంతా అలా అయిపోయింది. ఏడుపు రాలేదు. ఏడో రోజు ప్రార్థన, నలభయ్యో రోజు ప్రార్థన నేను లేకుండానే జరిగాయి. వెయ్యో రోజు ప్రార్థనకి నేనే వంట చేశాను, ఉప్పు సరిగ్గా పడింది. ఆ సమాధి దగ్గరికి ఏటా ఈయన ఒక్కడే వెళ్ళి గడ్డి పీకి వస్తాడు. నేను వెళ్ళను. ఆ చోటు నాకు తెలియకుండా ఎవరో ఎంచినది.

నాకు తెలిసిన చోటు ఇంకొకటి ఉంది. వెనింగ్ పుట్టిన రోజున దాని మాయని పూడ్చిన చోటు. మాయంటే మా వైపు పారేసే వస్తువు కాదు, బిడ్డకు తోడబుట్టినది. తండ్రే దాన్ని కడగాలి, కొత్త కుండలో పెట్టాలి, మూత వేసి, తెల్లగుడ్డలో చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, గొడుగు కింద మోసుకెళ్ళి ఇంటి ముందు పూడ్చాలి. తలుపు దాటి బయటికి వస్తుంటే మగపిల్లాడిది కుడిచేతివైపు, ఆడపిల్లది ఎడమచేతివైపు. ముప్పై అయిదు రోజులు దాని మీద దీపం ఆరకూడదు. ఇవన్నీ ఈయన ఒక్కటీ తప్పకుండా చేశాడు. నేను పచ్చి బాలింతరాలిని, మంచం మీద పడుకుని గుమ్మంలోంచి ఆ గొడుగుని చూశాను.

సోలో ఆస్పత్రి నుంచి రెండున్నర నెలలకు నన్ను తీసుకొచ్చేసరికి కొత్త ఇంటికి గోడలు లేచి ఉన్నాయి. పాత పునాదులు చిట్లాయి, వాటి మీద కట్టొద్దన్నారట పైనుంచి వచ్చినవాళ్ళు. అందుకని ఇంటిని రోడ్డు వైపు ముందుకు జరిపి, చిన్నది చేసి కట్టారు. పాత ఇల్లున్న చోటులో సగం ఇప్పుడు పెరడు. ఆ ఇంట్లో నెల రోజులు పడుకున్నాను. ఒక పొద్దున నాకేం తోచిందో లేచాను. కర్ర పట్టుకుని తలుపు దాటి, ఎడమచేతివైపు తిరిగి, నేల మీద కూర్చున్నాను. మర్నాడు అక్కడ చీపురుతో ఊడ్చాను. ఆ మర్నాడు నీళ్ళు చల్లి నాలుగు మల్లెపూలు వేశాను. చుట్టూ నది రాళ్ళు పేర్చాను. అలా పద్నాలుగేళ్ళు. అక్కడ ఊడ్చాకే ఇల్లు ఊడ్చేదాన్ని, అక్కడ పూలు వేశాకే సంతకి తెంపే, పులియబెట్టిన సోయా గింజల అచ్చులు, అమ్ముకోవడానికి వెళ్ళేదాన్ని. ఏం ప్రార్థించేదానివి అంటే ఏమీ లేదు. కూర్చునేదాన్ని, అంతే.

ఇప్పుడు మా గొయ్యి సంగతి చెప్పాలి. అది మా పెళ్ళయిన ఏడాది ఈయన తన సొంతానికి తవ్వుకున్నది. అప్పటికింకా ఈ పది మీటర్ల పట్టుదల ఆయనకి రాలేదు. బావికి అయిదు మీటర్ల దూరంలో, అడుగున సిమెంటు లేకుండా, ఉత్త ఒరలు దింపి వదిలేశాడు. ఊళ్ళో అందరివీ అప్పుడు అలాంటివే. భూకంపంలో ఇల్లు పడింది కానీ గొయ్యి చెక్కుచెదరలేదని అందరూ అన్నారు. ఒరలు లోపల చిట్లాయి, పైకి కనబడలేదు. ఏళ్ళ తరబడి ఆ మురుగు మట్టిలోంచి మెల్లగా బావివైపు నడిచింది.

మా బావి నీళ్ళే పక్కింటి త్రిమా వాళ్ళూ తోడుకుంటారు. వానలు పడినప్పుడల్లా నీళ్ళకి ఏదో వాసన వస్తోందని ఆవిడ రెండేళ్ళుగా అంటూనే ఉంది. త్రిమా మనవరాలికి రెండేళ్ళు, కోడలు ఫ్యాక్టరీకి పోతే ఆవిడే చూసుకుంటుంది. ఆ పిల్లకి విరేచనాలు పట్టుకుని వదల్లేదు. ఆరోగ్య కేంద్రం అమ్మాయి వచ్చి సీసాలో మా బావి నీళ్ళు పట్టుకెళ్ళింది. వారం తర్వాత కాగితం తెచ్చింది. ఈ నీళ్ళు కాచి కూడా పసిపిల్లలకి పట్టొద్దు, పాత గొయ్యి మూసేసి మురుగు కారని తొట్టి కట్టుకోవాలి, బావికి పది మీటర్లు ఉండాలి అని చెప్పి, పోనిమన్‌ని చూసి ఆ అమ్మాయే సిగ్గుపడింది. దీపం కింద చీకటంటే మా ఇల్లే.

త్రిమా మాత్రం సిగ్గుపడే రకం కాదు. నడి వాకిట్లో నిలబడి, "ఊరందరికీ పది మీటర్లు, పది మీటర్లని మడమతో గీతలు గీస్తావు కదా పోనిమన్, నీ ఇంటి దగ్గరికొచ్చేసరికి టేపు కురచైపోయిందా?" అంది. నలుగురూ విన్నారు. ఆయన తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రమే బావి గట్టు మీద రాయి పెట్టి మా స్థలమంతా కొలిచాడు. వెనకవైపు ఎనిమిది మీటర్లకే కంచె. కుడివైపు సందులో తవ్వితే అటు పక్కింటి బావికి దగ్గర. ఎడమవైపు సందు మనిషి పట్టేంతే. ఇంక మిగిలింది ఇంటి ముందు. అక్కడా ఒక పక్క వేపాకంత సన్నటి దారి, రోడ్డు మీదికి పోతుంది. పది మీటర్లు దాటి, ఒరలు పట్టేంత జాగా ఉన్నది ఒకే ఒక్క చోట. తలుపు దాటి బయటికొస్తే ఎడమచేతివైపు. టేపు పదకొండు మీటర్లు చూపించింది. ఈయన అక్కడ మడమతో గీత గీయలేదు. నా రాళ్ళకి ఇవతలే ఆగి నన్ను చూశాడు.

అక్కడ పార పడిన రోజున నేను ఈ ఇంట్లో ఉండనని చెప్పాను. గట్టిగా కూడా చెప్పలేదు. ఆయన టేపు చుట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన పడిన పాట్లు నేను చూశాను, చూసి కూడా మనసు మార్చుకోలేదు. మురుగు లాగే లారీని పిలిపించి పాత గొయ్యి ఖాళీ చేయించాడు. దీపం దింపి చూసి, లోపలికి దిగి, చిట్లిన ఒరలకి సిమెంటు పూశాడు, అడుగున మందంగా కాంక్రీటు పోశాడు. మూడు వారాలు బాగానే ఉంది. పెద్ద వానలకి భూమిలో నీళ్ళు పైకి తన్ని అడుగు పగిలిపోయింది. ఒరలు పోసే సరిదీని తీసుకొచ్చి, చిన్న తొట్టి పోస్తే సందులో పడుతుందేమో అని అడిగాడు. సరిదీ సందుని చూసి, "ఇందులో పట్టేది నీ శవపేటికే" అన్నాడు. త్రిమా మా బావి నీళ్ళు తాగడం మానేసి మసీదు కుళాయి నుంచి మోసుకోవడం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళ మనిషి, రెండు చేతుల్లో రెండు బిందెలు. కానీ స్నానాలకీ గిన్నెలకీ ఎన్నని మోస్తుంది? వాటికి మా బావే. పిల్లని మళ్ళీ ఆస్పత్రిలో చేర్చారు. నాకు ఆ కబురు చెప్పినప్పుడు తెంపే ఆకుల్లో చుడుతున్నాను. చుట్టడం ఆపలేదు. నేను అలాంటి మనిషినైపోయాను, దాచడం దేనికి.

పిల్లని ఇంటికి తెచ్చిన రోజు త్రిమా మా వాకిట్లోకి వచ్చింది. ఈసారి అరవలేదు. నేను నా రాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. ఆవిడ కూడా వచ్చి కాస్త ఎడంగా చతికిలపడింది. మనవరాలు ఆవిడ చంకలో గుడ్డలో ఉంది, ముఖమంతా కళ్ళే.

"నీకు చెప్పేంత నోరు నాకు లేదు మార్సియెం. నీ పిల్ల మట్టిలో ఉంది, అంతకన్నా ఏముంటుంది. కానీ నా పిల్ల ఇంకా బయటే ఉందమ్మా."

అని లేచి వెళ్ళిపోయింది. నేను చాలాసేపు కూర్చున్నాను. ఏడుపో, జాలో ఏదో ఒకటి వస్తుందని చూశాను. రాలేదు. ఏమీ అనిపించకపోయినా ఏది సరైనదో తెలుస్తుంది కదా, ఆ తెలివి ఒక్కటి మిగిలింది. లోపలికి వెళ్ళి ఈయనతో తవ్వమని చెప్పాను. గునపం వద్దు, ముందు చేత్తో తవ్వు, కుండ పగలకుండా తియ్యి, తీసి నా చేతికివ్వు, మళ్ళీ ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటాను అన్నాను. ఆయన నావైపు చూసి, ఏదో అనబోయి, పనిముట్ల గోతం సర్దుకోవడానికి వెళ్ళాడు.

మంచి రోజు చూసి మొదలుపెట్టాడు. రాళ్ళు నేనే తీసి పక్కన పెట్టాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తాపీతో పైమట్టి గీకి, దోసిలితో తీసి, వేళ్ళతో నలిపి చూసి, జల్లెడలో వేసి, అప్పుడు గట్టు మీద పోశాడు. ఇరవై ఏళ్ళలో ఎవరింటి గొయ్యీ ఆయన అలా తవ్వి ఉండడు. ఒక పూటలో నడుం లోతు దిగే మనిషి, పొద్దెక్కేదాకా మోకాటి లోతు కూడా దిగలేదు. నేను అంచున చాప వేసుకుని కూర్చుని ప్రతి దోసిలీ చూశాను. మాయ కుండని మోచెయ్యి లోతుకన్నా కింద పెట్టరు. మోచెయ్యి లోతు దాటింది. ఏమీ లేదు. మట్టి కుంగి ఉంటుందనుకున్నాను. భూకంపానికి కిందికి జరిగి ఉంటుందనుకున్నాను. తొడల లోతు దాటింది. వచ్చిన మట్టంతా గట్టిగా, ఒకే రంగులో ఉంది. తవ్వి పూడ్చిన మట్టి అలా ఉండదని అన్నేళ్ళు ఆయన పక్కన బతికిన నాకు తెలియాలి. తెలిసే ఉంటుంది. ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం నమాజుకి పిలుపు వినబడింది. నేను లోపలికి వెళ్ళి నమాజు చేసుకుని, ఆయనకి టీ పట్టుకుని వచ్చాను. వచ్చేసరికి ఆయన నడుం లోతు గోతిలో నిలబడి ఉన్నాడు. చేతుల్లో మూత ఉన్న మట్టికుండ.

"దొరికింది బునే" అన్నాడు. నావైపు చూడలేదు.

టీ గ్లాసు కింద పెట్టి కుండ అందుకున్నాను. దాని పొట్ట మీద తడి మట్టి మెత్తి ఉంది. బొటనవేలితో తుడిచాను. కింద ఎర్రగా, నునుపుగా, నిన్న ఆవంలోంచి తీసినట్టుంది. ఒక్క వేరు చుట్టుకోలేదు. ఒక్క మరక లేదు. పద్దెనిమిదేళ్ళు భూమిలో ఉన్న కుండ అది కాదు. గట్టు మీద ఆయన గోతం చూశాను. పొద్దున ఉబ్బుగా ఉంది, ఇప్పుడు చదునుగా పడి ఉంది.

"ఇది మనది కాదు" అన్నాను.

ఆయన చేతి మట్టి దులుపుకున్నాడు.

"మనది ఏది, పాక్నే?"

"బావి నుంచి ఆరు మీటర్ల నలభై" అన్నాడు. ఇంకేదో కొలత చదివినట్టే చెప్పాడు. "పాత తలుపుకి ఎడమ పక్క పెట్టాను బునే. ఈ తలుపుకి కాదు. ఇల్లు ముందుకి జరిగింది కదా. తలుపులు మారతాయి, బావి మారదు. పెట్టిన రోజే టేపు వేసి చూసుకున్నా. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మళ్ళీ కొలిచా. దాని మీదికి గోడ వస్తుంటే, మేస్త్రీ కాళ్ళు పట్టుకుని గోడ జరిపించా. వంటింట్లో ఉంది. పొయ్యి కింద."

పాత ఇల్లు బావికి దగ్గరగా ఉండేదని నాకు తెలియదా? పదేళ్ళు కాపురం చేశాను ఆ ఇంట్లో. తెలుసు. కానీ ఆడపిల్ల అంటే ఎడమ, ఎడమ అంటే తలుపుకి ఎడమ. నా కళ్ళముందు ఒక తలుపు ఉంది, నేను బయటికొచ్చి ఎడమకి తిరిగాను. తలుపే చోటు మారిందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. పద్నాలుగేళ్ళపాటు ఉత్త మట్టికి మల్లెలు పోశాను.

ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన గోతిలోంచి ఎక్కలేదు. నా పాదాల దగ్గరున్న నేలని చూస్తూ చెప్పాడు. మా కాపురంలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

"నువ్వు నెల రోజులు గోడకేసి తిరిగి పడుకున్నావు. ముద్ద నోట్లో పెడితే తిన్నావు, లేకపోతే లేదు. నువ్వు కూడా పోతావనుకున్నా. ఆ రోజు పొద్దున్న నీ అంతట నువ్వే లేచి, నడిచి, ఇక్కడికొచ్చి కూర్చున్నావు. ఇది కాదే, అక్కడ అని ఎట్టా చెప్పను? సరేలే, రేపు చెబుదామనుకున్నా. మర్నాడు కూడా లేచావు."

నాకు కోపం వచ్చింది. పద్నాలుగేళ్ళలో నా లోపల కదిలిన మొదటిది అదే. కాళ్ళలోంచి పైకి వచ్చింది, చెవులు వేడెక్కాయి. ఆ కుండని ఎత్తి మట్టి కుప్ప మీదికి విసిరేశాను, ముక్కలైంది. లోపల ఏముంది, ఇంత మట్టి, ఇంత గడ్డి. దొంగమొహమా అన్నాను. మూగమొద్దూ అన్నాను. నేను పిచ్చిదానిలా రోజూ ఊడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావా అన్నాను. నా పిల్ల గురించి నాకు అబద్ధం చెప్పావు అన్నాను. త్రిమా కంచె అవతలికి వచ్చి, విని, వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన గోతిలో నిలబడి అన్నీ విన్నాడు. నా ఊపిరి అయిపోయాక, ఇంక తవ్వనా మాననా అని అడిగాడు.

"తవ్వు. గునపంతోనే తవ్వు" అన్నాను.

తొట్టి పూర్తి కావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఒరలు దింపి, అడుగు పోసి, అతుకులకి రెండు పూతలు పూసి, నిండా నీళ్ళు పట్టి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాడు. నీళ్ళు గీత దిగలేదు. పక్కన ఇంకుడు గొయ్యి కంకరతో, తాటినారతో నింపాడు. ఇంటి పక్క సందులోంచి గొట్టం తెచ్చి కలిపాడు, గాలి గొట్టం నిలబెట్టాడు. మూత వేసే ముందు గుప్పెడు పులిసిన పిండి లోపల చల్లాడు, అదేదో తొట్టికి ప్రాణం పోస్తుందట. పాత గోతిలో సున్నం పోసి పూడ్చేశాడు. వానలు వెనకబట్టాక బావి నీళ్ళు తోడి పోసి, మళ్ళీ సీసా పంపిస్తే ఈసారి మంచి కాగితం వచ్చింది. త్రిమా ఆ కాగితం చదివించుకుని, మళ్ళీ మా బావికి వచ్చింది. ఆవిడా నేనూ ఆ సంగతి ఎత్తుకోలేదు.

అవన్నీ తర్వాత. ఆ రోజు ఆయన్ని గోతిలో వదిలేసి నేను వంటింట్లోకి వెళ్ళాను. ఎంత కోపమొచ్చినా ఆకలి వేళ అయింది, తవ్వే మనిషికి అన్నం పడాలి. గుమ్మంలో ఆగిపోయాను. రోజూ కూర్చునే చోటు. గ్యాస్ పొయ్యి వచ్చి పన్నెండేళ్ళయినా ఆ కట్టెల పొయ్యిని ఈయన తీయనివ్వలేదు. దాని మీద వండితేనే అన్నం రుచని ఒకసారి అన్నాడు, పొగకి నా కళ్ళు పోతున్నాయని నేను తిట్టాను. రోజుకి రెండు పూటలా అక్కడే కూర్చుని నిప్పు ఊదాను. నా కాళ్ళకి అటూ ఇటూ ఆ నేల. ఇప్పుడు ఏ కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

చెప్పులు విడిచి, పక్కనించి వెళ్ళి కూర్చున్నాను. కట్టెలు పేర్చి అంటించాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అరచేయి నేల మీద ఆనించాను, వెచ్చగా ఉంది. అప్పుడు ఏడుపు వచ్చింది. పొగకి కాదు. ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు, బయట గునపం చప్పుడు మాత్రం ఆగకుండా వినబడుతూనే ఉంది.

అన్నం ఉడికాక కట్టెలు వెనక్కి లాగాలి. లాగబుద్ధి కాలేదు. మండనిచ్చాను. అన్నం అడుగంటి మాడిపోయింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, పొయ్యిని చూసి, నన్ను చూసి, కంచం ముందుకు జరుపుకున్నాడు. ఇద్దరం ఆ మాడిన అన్నమే తిన్నాం.